పేరు చూసి గీసిన బోర్డు

"ఈ రిలే స్విచ్చి కాళ్ళు బోర్డు రంధ్రాల్ల పడ్తలేవు! ఏం తెచ్చినవ్ నువ్వు?" రాధిక తాను గీసి చేయించిన సర్క్యూట్ బోర్డును మంచం మీదికి విసిరింది.

పోగు తెగంగనే సాంచాను, అంటే మరమగ్గాన్ని, ఆపే బోర్డు అది. చెవుడొచ్చి పోగు తెగిన చప్పుడు వినలేని మామను పనిలో ఉంచేదీ లేనిదీ సాయంత్రం దాని పనితనం చూసి సాంచాల సేటు తేలుస్తాడు.

"నువ్వు చెప్పిన పేరుదే తెచ్చిన," భర్త వేణు కూడా గొంతు పెంచాడు. "కొలిచి గీసినవా?"

"పేరు కొడితే కంప్యూటర్ల వచ్చిన బొమ్మే పెట్టిన!"

"చేతిల పట్టి చూడకుంటనే నమ్మినవా?"

"నిన్ను ఫోటో చూసి నమ్మలే?"

అన్నాక గానీ ఆ మాట ఎట్లా తగులుతుందో ఆమెకు తట్టలేదు. కొత్త పెళ్ళికొడుకు మొహం చిన్నబోయింది.

"మరి... నేను సరిపోలేదా?"

"రోజింత సరిచేసుకుంటలేనా? ఆ సన్నవైర్లు ఇటియ్యి. ఒక్కో కాలి నుంచి దాని రంధ్రానికి ఒక్కోటి అతికిద్దాం."