లేని బూజు

నిచ్చెన మీద నిలబడ్డ పెయింటరు మళ్ళీ గాలిలోకి చెయ్యి విసిరాడు.

"ఏం దులుపుతున్నారు బాబూ?" కింద నుంచి ఎవరిదో గొంతు.

చూస్తే ఓ పెద్దాయన. ఆయన కళ్ళజోడులో కుడివైపు అద్దం మామూలుగానే ఉంది, ఎడమవైపుది నల్లగా ఉంది.

"బూజండీ. పొద్దుట్నుంచీ మొహానికి అడ్డం పడుతోంది."

"కొత్త షాపు, కొత్త గోడ. బూజు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పెయింటరుకు చిర్రెత్తుకొచ్చింది. చెప్పుల షాపు మర్నాడే తెరుస్తారు. బోర్డు మీద ఇంకా సగం అక్షరాలు మిగిలే ఉన్నాయి.

"వచ్చింది లెండి. అడ్రసు అడిగి పెట్టుకోలేదు."

పెద్దాయన నవ్వాడు గాని కదల్లేదు.

"దులిపితే పోయిందా?"

పెయింటరు చేతిలో కుంచె ఆగింది. నిజమే, పోలేదు.

"కన్ను అటూ ఇటూ తిప్పండి. బూజు కూడా కదులుతోందా?"

తిప్పి చూశాడు. నల్లటి పోగు ఒకటి కంటితోపాటే జరిగింది. కన్ను ఆగాక కూడా కాసేపు ఊగి, అప్పుడు ఆగింది.

"అరె! ఇదేంటిది?"

"షుగరుందా మీకు?"

"ఉంది. మా ఇంటావిడ పోరు పడలేక మాత్రలు మింగుతుంటాను, గుర్తున్నప్పుడు. అయినా షుగరు రక్తంలో కదండీ, కంట్లో ఏంటి?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు పెద్దాయన నిచ్చెన దగ్గరకు వచ్చాడు.

"కంటి వెనక రెటీనా అని ఓ పల్చటి పొర. బొమ్మ పడేది దాని మీదే. దానికి రక్తం తెచ్చే నాళాలు వెంట్రుక కన్నా సన్నం. ఏళ్ళ తరబడి షుగరు ఎక్కువైతే వాటి గోడలు బలహీనపడి బుడిపెలు కడతాయి, కారతాయి. కొన్ని మూసుకుపోతాయి."

"మూసుకుపోతే?"

"ఆ పొరకు ఊపిరాడదు. కన్ను తొందరపడి కొత్త నాళాలు పుట్టించుకుంటుంది. అవి వట్టి నాసిరకం, ఊరికే చిట్లిపోతాయి. ఆ రక్తం కంట్లో తేలుతుంటే మనకు బయట బూజులా కనిపిస్తుంది."

"నొప్పేం లేదే?"

"ఉండదు. అక్కడే మోసపోతాం. ఇవాళే కంటాసుపత్రికి వెళ్ళండి."

"మీరు డాక్టరా?"

"కాదు."

"మరి ఇదంతా?"

"డాక్టర్ల మధ్య కూర్చుని కూర్చుని వంటబట్టింది."

పెయింటరుకు అప్పుడు అనుమానం తగిలింది.

"ఓహో! ఆసుపత్రికి గిరాకీ పట్టే పనా మీది? ఇంకెవరినైనా చూసుకోండి పెద్దాయనా."

పెద్దాయన మొహం చిన్నబోయింది.

"కోపం నా మీద చూపించండి. కన్ను మాత్రం డాక్టరుకు చూపించండి," అని వెళ్ళిపోయాడు.

మనిషినైతే పంపేశాడు గాని, మాట మాత్రం పెయింటరు బుర్రలోంచి పోలేదు. ఇంటికెళ్ళాక తెల్లగోడ ముందు నిలబడి ఒక కన్ను మూశాడు. అది తెరిచి రెండోది మూశాడు.

"గోడకు కన్ను కొడుతున్నారేంటి?" అంది భార్య.

"కుడి కంట్లో పోగులు ఈదుతున్నాయే! ఎడమ కంట్లో లేవు. భలే వింతగా ఉంది, నువ్వూ చూడు... నీకెలా కనిపిస్తాయిలే."

ఆమెకేమీ వింతగా అనిపించలేదు. తెల్లవారగానే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ కళ్ళల్లో చుక్కలు వేసి, వెలుగు పెట్టి చాలాసేపు చూసింది.

"కుడి కంట్లో నాళం చిట్లింది. అదృష్టం, కొంచెమే. ఇవాళే లేజరు మొదలుపెడదాం. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఆ కన్ను మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేదేమో."

బోర్డులు రాసే మనిషికి కన్ను పోతే చెయ్యున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

లేజరు అయింది. మాత్రలు వేళకు పడ్డాయి. పోగులు మెల్లగా పల్చబడి, ఓ రోజు కనిపించకుండా పోయాయి.

ఆ రోజే పెద్దాయన కోసం వీధంతా గాలించాడు. చెప్పుల షాపతను కూడా ఈమధ్య చూడలేదన్నాడు. ఇక ఆసుపత్రికే వెళ్ళాడు.

"ఎడమవైపు నల్లద్దం పెట్టుకునే పెద్దాయన మీ మనిషేనా అమ్మా? నా కన్ను సంగతి ముందు చెప్పింది ఆయనే. నేనే నోరు జారాను. ఓ మాట చెప్పుకోవాలి."

డాక్టరమ్మ చేతిలో పరికరం కింద పెట్టింది.

"ఆయన పోయారండీ, పోయిన నెల. కిడ్నీలు కూడా షుగరే తినేసింది."

పెయింటరు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

"డాక్టరు కాదన్నారు నాతో. మరి మీ దగ్గర పనిచేసేవారా?"

"కాదు, పేషెంటు. నొప్పి లేదు కదా అని ఆలస్యంగా వచ్చారు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. మిగిలిన కన్నును మాకు అప్పగించేశారు."

"అప్పగించడమంటే?"

"ఏటా కంటి వైద్యం నేర్చుకోడానికి కొత్తగా చేరిన మాలాంటివాళ్ళ ముందు వచ్చి కూర్చునేవారు. అందరం ఒకరి తర్వాత ఒకరు చూసేదాకా ఆ జిగేల్మనే వెలుగును ఓర్చుకునేవారు. నాకేమీ కనిపించక కంగారుపడుతుంటే 'తొందర లేదమ్మా, మళ్ళీ చూడు' అన్నారు."

డాక్టరమ్మ పరికరాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"మీ కంట్లో చిట్లిన నాళాన్ని చూడగానే పోల్చుకున్నాను. అలాంటిది నేను మొట్టమొదట చూసింది ఆయన కంట్లోనే."