శనివారం నాలుగింటి స్వస్థత

“బయల్దేరానండీ. వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లాను కూడా. అంతలో వర్షం పట్టుకుంది,” అన్నాడు ప్లంబరు.

పాస్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. క్రిందటి వారం మోకాలి నొప్పి. అంతకు ముందు వారం ఎవరిదో కుక్క అడ్డొచ్చింది. ఈ వారం వర్షం వంతు.

“రోజంతా నీళ్లలో పనిచేసే మనిషి. వానకి జడిశారా?”

“పని మీద తడిస్తే పట్టించుకోనండి. తమ్ముడి గుమ్మంలో తడిసి నిలబడితే, జాలి కోసం వచ్చాడనుకుంటాడు.”

గుడి పక్కన చిన్న గది అది. ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక రిజిస్టరు, మూలన చేతులు కడుక్కునే బేసిను. ఆ బేసిను కుళాయి అయిదు నెలలుగా కారుతోంది. కింద బకెట్ పెట్టారు. సంఘం మొత్తానికి ప్లంబరు ఒక్కడే. ఆ ఒక్కడూ నాలుగు నెలలుగా ప్రతి శనివారం దాని ఎదురుగానే కూర్చుంటున్నాడు. బాగు చేయనా అని అతను అడగలేదు. చేసిపెట్టమని పాస్టరుగారూ అడగలేదు. బకెట్ మాత్రం వారానికి రెండుసార్లు నిండుతోంది.

నోరు జారింది పాస్టరుగారే. నాలుగు నెలల క్రితం ప్రసంగం వేడిలో, “మనసులో చేదు పెట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే, శనివారం నాలుగింటికి నా గదికి రండి, స్వస్థత పొంది వెళ్లండి” అనేశారు. గుడి అంతా ముక్కు చీదింది. వచ్చింది ఒక్కడు. అంతమందిలో ఆ ఒక్కడూ ఇతనే. రిజిస్టరులో ‘సమస్య’ అన్న చోట ‘తమ్ముడితో ఏడేళ్లుగా మాటల్లేవు’ అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. ‘పరిష్కారం’ అన్న చోట ఇప్పటికీ ఖాళీ.

పాస్టరుగారికి మనుషులు కొత్త కాదు. షుగరు తగ్గాలని ప్రార్థన చేయించుకుని, గుమ్మం దాటకముందే కేకు ముక్క నోట్లో వేసుకున్న టీచరమ్మని చూశారు. కోపం పోవాలని మోకరించి, ఆమెన్ అనగానే తన చెప్పులు తొక్కినవాడి మీద విరుచుకుపడ్డ బ్యాంకు మేనేజరుని చూశారు. కానీ వాళ్లు వారానికో బాధ మార్చుకుంటారు. ఇతను పాతదాన్నే తోమి తెస్తాడు.

“మిమ్మల్ని సూటిగా ఒకటి అడుగుతాను. మీకు నిజంగా బాగుపడాలని ఉందా?”

“లేకపోతే పని మానుకుని ఎందుకొస్తానండీ?”

“వస్తున్నారు. వచ్చి గాయం విప్పి చూపించి, మళ్లీ కట్టుకుని వెళ్లిపోతున్నారు. అసలు గొడవేంటి, మళ్లీ చెప్పండి.”

“ఎన్నిసార్లు చెప్పమంటారు? అమ్మని సమాధి చేసిన రోజు గంట ఆలస్యంగా వెళ్లాను. ఆసుపత్రిలో పైపు పగిలి వార్డంతా నీళ్లు. పేషెంట్లని వదిలి ఎలా వెళ్లను? వాడు అందరి ముందూ ‘అమ్మ కంటే పైపు ఎక్కువైందా’ అన్నాడు.”

“ఏదో బాధలో అని ఉంటాడు.”

“ఆ బాధ తగ్గి ఏడేళ్లయింది కదండీ. ఒక్కసారన్నా పొరపాటైందన్నాడా?”

“మరి మీరేమన్నారు?”

ప్లంబరు బకెట్ వైపు చూశాడు. “నేనూ తక్కువ తినలేదులెండి. అమ్మ మంచాన పడ్డ మూడేళ్లూ ఎత్తి దించింది నేను, నువ్వు ఫోన్లో పరామర్శించావు అన్నాను.”

“ఆ మాట అనకుండా ఉండాల్సింది,” అన్నారు పాస్టరుగారు, అవసరమైనదానికంటే కాస్త గట్టిగా.

“అబద్ధమైతే కాదుగా.”

“నిజమైతే మాత్రం సమాధి దగ్గరా అనడం?”

“అందుకేగా బాధపడుతున్నాను. మర్చిపోదామనే అనుకుంటాను. రాత్రి పడుకుంటే వాడి మాట ఒక చెవిలో, నా మాట ఇంకో చెవిలో. మా ఆవిడ ఏమంటుందో తెలుసా? మీ అన్నదమ్ములిద్దర్నీ ఒకే అచ్చులో పోశార్రా దేవుడా అంటుంది.”

పాస్టరుగారు నవ్వలేదు. గడియారం చూశారు. “ఇదిగో చూడండి. మందు రాసిస్తే జేబులో పెట్టుకుని తిరిగితే జ్వరం తగ్గదు. మింగాలి. వెళ్లండి, మాట్లాడండి. ఇంతకంటే నేను చేయగలిగింది లేదు.”

“సరేనండి,” అంటూ ప్లంబరు లేచి పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. “ఒక్క మాట చెప్పనా పాస్టరుగారూ? వాడు క్షమాపణ అడగక్కర్లేదు. కాళ్లు పట్టుకోనక్కర్లేదు. వెనక నుంచి ఒక్కసారి పిలిస్తే చాలు. అన్నీ అక్కడే వదిలేస్తాను.”

“అదే గర్వం అంటే. వయసులో పెద్దవారు. మీరే ముందు కదలాలి.”

“అంతేనంటారా?”

“అంతే.”

ప్లంబరు తల ఊపి, వంగి చెప్పులు వేసుకున్నాడు. ఒక పట్టీ బిగించడానికి అతనికి చాలాసేపే పట్టింది.

పాస్టరుగారు రేపటి ప్రసంగం కాగితం ముందుకు లాక్కున్నారు. రెండు అంశాలు రాసి ఉన్నాయి. మూడోది రాశారు: ‘బాగుపడాలంటే ఎదుటివాడి కోసం చూడకుండా మన అడుగు మనమే వేయాలి.’ కింద రెండు గీతలు గీశారు. మనుషులు మారాలనుకోరు, మారినట్టు అనిపిస్తే చాలనుకుంటారు అని విసుక్కుంటూ కిటికీలోంచి బయటికి చూశారు.

వర్షం వెలిసింది. ప్లంబరు ఆవరణ దాటడానికి తొందరపడటం లేదు. గేటు దగ్గర గడియ తీస్తూ ఒకసారి వెనక్కి తిరిగాడు. పాస్టరుగారు చూపు కాగితం మీదకి దించుకున్నారు. గడియ చప్పుడైంది.

గేటు దాటిపోతున్న సొంత అన్నయ్యని ఆయన ఈ వారం కూడా పిలవలేదు.