మూడో పిస్టన్

మూడో పిస్టన్ నడినెత్తిన వేలు దూరేంత కన్నం పడింది.

తండ్రి బల్ల మీద గుడ్డ పరిచి దాన్ని పెట్టాడు. అంచులు మైనంలా కరిగి, జారి, గడ్డకట్టి ఉన్నాయి.

పెట్రోలు చాలక వేడెక్కి కాలిపోయిందన్నాడు. పక్కన ఆయన తమ్ముడు. ఎదురుగా కూతురు.

ఆ పిస్టన్ టర్బో కారుది. ఆ కారును అన్నదమ్ములిద్దరూ తుక్కు కింద కొని, బోల్టు బోల్టూ విప్పి మళ్ళీ కట్టుకున్నారు. వర్క్‌షాపుకు వచ్చినవాళ్ళు ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, తర్వాతే తమ బండి రోగం చెప్పేవాళ్ళు.

కూతురికి ఉద్యోగం వచ్చాక తాళాలు ఆమె చేతిలో పెట్టారు.

మొన్న ఆదివారం అది ఊరి బయట రోడ్డు మీద పొగ కక్కి ఆగిపోయింది.

కిందటిసారి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేసింది ఎవరని తండ్రి అడిగాడు. అడగక్కర్లేదు. ఆ పని ఎప్పుడూ తమ్ముడిదే.

“నువ్వు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసుంటే నా కూతురు లారీల మధ్య నిలబడేది కాదురా.”

తమ్ముడు పిస్టన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అయ్యుంటుందన్నయ్యా.”

కూతురు బల్ల మీది గుడ్డ అంచు సర్దింది.

ఇంజెక్టర్లలో ఏ లోపమూ లేదు. ఆ ఆదివారం కారులో ఆమెతో వచ్చిన ఆఫీసు స్నేహితుడు లాప్‌టాప్ తగిలించి ఇంజిన్ కంప్యూటర్లో సెట్టింగులు మార్చాడు. ఆమే మార్చమంది. టర్బో మామూలుకంటే చాలా ఎక్కువ గాలిని లోపలికి తోసింది. దానికి తగ్గ పెట్రోలు అందలేదు.

బండి ఆగాక, తండ్రి వచ్చేలోపే పాత సెట్టింగులు మళ్ళీ ఎక్కించేశారు. ఆ ఆలోచన కూడా ఆమెదే.

తండ్రి ఊరికే బాగుచేసి వదల్లేదు. మామూలు పిస్టన్లు వద్దని, ఎంత వేడికైనా తట్టుకునే ఫోర్జ్‌డ్ పిస్టన్లు తెప్పించాడు. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను తీసేసి పెద్దది పెట్టాడు. టర్బోకు ఆయిలు తీసుకెళ్ళే గొట్టం బాగానే ఉన్నా మార్చేశాడు.

పిల్ల ఎక్కే బండి, పాడవకముందే మార్చేద్దాం అనేవాడు ప్రతిదానికీ.

ఆమె పక్కన లైటు పట్టుకుని నిలబడేది. ఒక్కో కొత్త పెట్టె విప్పుతుంటే దాని మీది ధర చూసేది.

బాబాయి మారిపోయాడు.

మొండికేసిన ఇంజిన్లను అత్తగారిని బతిమాలినట్టు బతిమాలుతూ అందర్నీ నవ్వించే మనిషి. ఇప్పుడు నోట్లోంచి మాట లేదు. బిగించిన బోల్టునే మళ్ళీ బిగించేవాడు. ఇంటికి బయల్దేరినవాడు గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చి చూసుకునేవాడు.

ఒక కస్టమర్ బండి ఇంజిన్ బిగించమంటే, నువ్వే బిగించన్నయ్యా అని పక్కకు తప్పుకున్నాడు.

ఆ తర్వాతి వారం టైర్ల షాపులో చేరాడు. తండ్రి పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

అది తెలిసిన మధ్యాహ్నమే ఆమె టైర్ల షాపుకు వెళ్ళింది. బాబాయి ఒక ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

జరిగిందంతా చెప్పింది. స్నేహితుణ్ణి అడ్డం పెట్టుకోలేదు.

బాబాయి ట్యూబును పైకి తీసి పక్కన పెట్టాడు. తర్వాత చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“అయితే నా పనిలో తేడా లేదన్నమాట.”

“లేదు బాబాయ్.”

“మీ పిన్ని కూరలో ఉప్పు ఎక్కువైనా నా వల్లేనేమో అనిపిస్తోందే ఈమధ్య.”

నవ్వబోయాడు. కుదరలేదు.

ఆమె ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. కోప్పడనూ లేదు. ఈరోజే నాన్నకు చెప్పేస్తానంది.

“వద్దు.”

“ఎందుకు?”

“నన్ను అనాల్సింది అనేశాడు. నేను మింగేశాను. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలంటే అన్నయ్య వల్ల కాదు చిన్నీ.”

ఆమె తిన్నగా వర్క్‌షాపుకు వచ్చింది.

ఇంజిన్ అప్పుడే మొదటిసారి స్టార్టయింది. తండ్రి బానెట్ పక్కన వంగి, చెవి ఒగ్గి వింటున్నాడు. ముఖం చంటిపిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది.

ఆమె కారులోకి చెయ్యి పెట్టి ఆపేసింది.

చెప్పడం అయ్యాక, అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

“వాడికి తెలుసా?”

“ముందు బాబాయికే చెప్పాను.”

“ఏమన్నాడు?”

“నీకు చెప్పొద్దన్నాడు.”

తండ్రి ఇంజిన్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అది ఇంకా వేడిగానే ఉంది. చెయ్యి తీయలేదు.

సాయంత్రం టైర్ల షాపు మూశాక తమ్ముడి ఇంటికి బయల్దేరాడు. ఆమెను రమ్మనలేదు. ఆమె వెనకాలే నడిచింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల్నుంచి గిన్నెల చప్పుడు, బాబాయి దగ్గు వినపడుతున్నాయి.

ఎప్పుడూ నేరుగా లోపలికి వెళ్ళిపోయే తండ్రి గుమ్మం బయటే ఆగి, కాలింగ్ బెల్ ఎక్కడుందో వెతుక్కున్నాడు.