కుడి ఎద్దు కొమ్ము

"ఇటు తిప్పండి పెద్దాయనా, తల ఇటు!"

డ్రాయింగ్ మాస్టారి కేకకి నాగలి పట్టుకున్న రైతు కంగారుపడి తన తల తిప్పాడు.

"మీ తల కాదండీ బాబూ, ఎద్దు తల!"

ఎద్దు తల తిరిగింది. మాస్టారు దాన్ని చూశాడు, కాన్వాసు చూశాడు, చేతిలో కుంచెని గట్టు మీదకి విసిరికొట్టాడు. మళ్లీ తప్పే! పోయిన నెల వేసిన కొమ్ము కాస్త లోపలికి వంగింది. ఎదురుగా ఉన్న కొమ్ము అంత వంగలేదు. బొమ్మలో మూపురం కూడా రెండు వేళ్లు పొట్టిగా పడింది. ఆ కొమ్మును గీకి మళ్లీ వెయ్యడం ఈ ఏడాదిలోనే ఇది ఐదోసారి.

మాస్టారు పట్నంలో బడిపిల్లలకి బొమ్మలు నేర్పుతాడు. నెలకో ఆదివారం, ముందురోజు ఫోన్ చేసి మరీ, రెండు బస్సులు మారి ఈ పొలానికి వస్తాడు. చుట్టుపక్కల దుక్కులన్నీ ట్రాక్టర్లవే. ఎడ్లంటే ఇటుకబట్టీ బండ్లకి కట్టేవి తప్ప, నాగలికి కట్టేవి ఈ రైతు దగ్గరే మిగిలాయి. ఈ దుక్కిని ఉన్నది ఉన్నట్టుగా, తలుపంత బొమ్మలో దాచిపెట్టాలని మాస్టారి పంతం. ఊహించి ఒక్క వెంట్రుక కూడా వెయ్యడు. ఫొటో తీసుకుని ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు కదా అని ఎవరన్నా అంటే, "అయితే ఆ ఫొటోనే గోడకి తగిలించుకోండి" అని వాళ్లతో మాటలు మానేస్తాడు. 

బొమ్మ మొదలుపెట్టి మూడేళ్లయింది. చాళ్లు కుదిరాయి, నాగలి కుదిరింది, రైతు ముంజేతి నరాలు కూడా కుదిరాయి. ఎడ్లు మాత్రం మాస్టారి చేత మూడు చెరువుల నీళ్లు తాగిస్తున్నాయి.

కళ్లద్దాలు రెండుసార్లు మార్పించాడు. "మీ చూపుకేమండీ, నా చూపు కన్నా బాగుంది" అన్నాడు కళ్ల డాక్టరు. చూపు బాగుంటే మరి పోయింది చెయ్యేనా? ఆ అనుమానం మాస్టారిని పురుగులా తొలుస్తోంది. "పోనీ ఎడ్లు లేకుండా వెయ్యకూడదా?" అంది ఇంట్లో భార్య, సాయం చేద్దామనే. ఆ పూట మాస్టారు భోజనం మానేశాడు.

రైతు భార్య చెంబుతో మంచినీళ్లు తెచ్చింది.

"అయిందా బాబూ?"

"ఎక్కడమ్మా! ఇంకో నాలుగైదు సార్లు రావాలి."

"ఇంకా నాలుగైదు సార్లా?" అంటూ ఆవిడ మొగుడి వంక గుర్రుగా చూసింది. రైతు నేలచూపులు చూశాడు.

ఈవిడకి ఎడ్లని వదిలించుకోవాలని తొందరగా ఉందని మాస్టారికి ఎప్పట్నుంచో అనుమానం. "కాస్త ఓపిక పట్టండమ్మా. బొమ్మ పూర్తయ్యేదాకా అమ్మనని పెద్దాయన మాటిచ్చారు. ఏం పెద్దాయనా?"

"అమ్మనులే బాబూ" అన్నాడు రైతు, మరీ నీరసంగా.

"అయితే ఇంకో చాలు తోలండి. నడక చూడాలి."

రైతు అదిలించాడు. ఎడమది కదిలింది. కుడిది నాలుగడుగులు వేసి, నాగలంటే ఏమిటో ఎరగనట్టు అడ్డం తిరిగి నిలబడిపోయింది. రైతు బతిమాలాడు, తిట్టాడు, భుజం పెట్టి నెట్టాడు. చెమటతో చొక్కా తడిసింది.

"ఏమిటండీ దీనికి?"

"ఈ మధ్య తిక్క ఎక్కువైంది బాబూ."

మాస్టారు నెత్తి పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. మూడేళ్లు! అదే పొలం, అదే మనిషి, అవే ఎడ్లు. వచ్చిన ప్రతిసారీ పోయినసారి వేసింది తప్పని తేలుతోంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకి 'చూసింది వెయ్యండ్రా' అని చెప్పినవాడు, తన కళ్లముందున్న పశువుని వెయ్యలేకపోతున్నాడు. లేచి, రంగు గీకే కత్తి తీశాడు.

"పెద్దాయనా, ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. నా చెయ్యి పోయింది. రేపట్నుంచి కుంచె ముట్టుకోను."

కత్తి మొన కాన్వాసుకి ఆనింది. రైతు నాగలి అక్కడే వదిలేసి, చాళ్లు తొక్కుకుంటూ పరుగెత్తుకొచ్చి మాస్టారి మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగండి బాబూ! బొమ్మలో తప్పులేదు. మీ చెయ్యి బంగారం లాంటి చెయ్యి."

"ఓదార్పులొద్దండీ! నాకు కనపడట్లేదా? ఏ నెల కొమ్ము ఆ నెలదే! ఒక్కటీ కలవదు!"

"ఇంకా ఎందుకు దాస్తావు?" రైతు భార్య చెంబు కింద పెట్టి మొగుడి మీదకి వచ్చింది. "మనిషి బెంగతో పాడైపోతున్నాడు. నీకు దణ్ణం పెడతా, చెప్పెయ్యి."

"ఏమిటి చెప్పేది?" అన్నాడు మాస్టారు.

రైతు మణికట్టు వదల్లేదు.

"మొదటిసారి వచ్చినప్పుడు నా రెండు చేతులూ పట్టుకుని, 'ఇంక మీరొక్కరే మిగిలారు పెద్దాయనా' అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నా జన్మలో ఎవరూ నన్ను చూసి అంత సంతోషపడలేదు. ఆ మొహం చూశాక నాకు నోరు రాలేదు."

"ఏం చెప్పడానికండీ?"

"మీరు రెండోసారి వచ్చేసరికే మా ఎడ్లని అమ్మేశాం బాబూ. ఇవి ఇటుకబట్టీవాళ్లవి, మీరొచ్చినప్పుడల్లా ఏ జత దొరికితే ఆ జత."