కుళ్లిన టమాటా స్పెషలిస్టు

వీడియో గేముల్లో మనుషుల బొమ్మలు గీసేవాళ్లు వేలల్లో ఉన్నారని వసుధ కూరగాయలను ఎంచుకుంది. అక్కడా వందలమంది తేలేసరికి ఒక్క టమాటాకే పరిమితమైంది.

రెండేళ్లలో ఇది పదహారో ఇంటర్వ్యూ. మోండా మార్కెట్లో అమ్మమ్మ బుచ్చమ్మ టమాటాలు అమ్మే చోట కూర్చుని, వీడియో కాల్‌లో తన బొమ్మలన్నీ చూపించింది.

"బాగున్నాయండీ. కానీ మాకు కావాల్సింది కుళ్లిన టమాటా," అన్నాడు అవతలి మేనేజరు. "అందులో అయిదేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉండాలి."

వసుధ ముఖం వాడిపోయింది. పక్కన గంప ముందేసుకుని ఏరుతున్న బుచ్చమ్మ తలెత్తింది.

"నలభై ఏండ్ల సంది కుళ్లినయే ఏరుతున్న సారూ. ఇగో, ఇది పైకి మంచిగనే కనవడ్తది. తొడిమ కాడ జెర ఒత్తితే నీళ్లు కారుతయ్. రేపటికి బూజు."

మేనేజరు తెరకు దగ్గరగా వంగాడు. "అమ్మా, మీకు కంప్యూటర్ వచ్చా?"

"అది ఎవలైన నేర్చుకుంటరు సారూ. ఇది రావాలె గద!"

సోమవారం పొద్దున బుచ్చమ్మ మెడలో గేముల కంపెనీ ఐడీ కార్డు వేసుకుని ఆటో ఎక్కింది.

"దుకాణం జెర చూస్కో బిడ్డా. టమాటాలు నీకు కొత్తేం గాదు గద," అంది.

మొదట వచ్చిన పెద్దమనిషి ఒక టమాటా చేతిలోకి తీసుకుని వసుధను ఎగాదిగా చూశాడు.

"ఎన్నేండ్ల సంది అమ్ముతున్నవ్ బిడ్డా?"

"ఇయాళనే షురూ చేసిన."

ఆయన టమాటాను జాగ్రత్తగా గంపలో పెట్టేసి, పక్క దుకాణానికి నడిచాడు.