ఏ కొండ పిట్ట?

"లే అవ్వా, దారికడ్డంగా కూర్చున్నావు. క్వెన్కా పట్నం నుంచి పిట్టల శాస్త్రం చదివిన డాక్టరమ్మ వస్తున్నారు."

నారింజ పూలపొద పక్కన ఉన్ని వడుకుతున్న ముసలావిడ కదల్లేదు. టోపీ తెల్లనిది, అంచు కింద నల్లమచ్చలు.

"ఎందుకొస్తున్నారు నాయనా?"

"మా హమ్మింగ్‌బర్డ్‌ని చూడ్డానికి!"

లౌతారో రొమ్ము విరుచుకున్నాడు. రూమిలోమ కొండమీద పిట్టల సంగతి ఎవరికి కావాలన్నా అతన్నే అడగాలి.

"లోయ అవతలి కొండ పిట్టకు గొంతు పచ్చన, మాదానికి నీలం. రెండూ వేరని తేలితే సర్కారు రెండు కొండలనూ కాపాడుతుంది. ఒకటేనంటే పెద్దకొండ వాళ్లది కాబట్టి ఆ కాపుదల వాళ్ల కొండకే. మా కొండను గనివాళ్లు తవ్వేస్తారు."

"అవతలివాళ్లేమంటారు?"

"ఒకటేనని అర్జీ పెట్టారు. ఆ ఊరిపెద్ద ఎవరో ఆడమనిషట. ఈ కొండెక్కిన పాపాన పోలేదు. ఒళ్లంతా కుళ్లు!"

ముసలావిడ నవ్వింది.

"అవి మగవాటి రంగులేగా. ఎండకో చలికో మారాయంటారు చదువుకున్నవాళ్లు. ఆడవాటి మాటేమిటి?"

లౌతారోకి తెలిసి ఆడపిట్టలు రెండు కొండల్లోనూ బూడిదరంగే.

"గొర్రెలు కాచుకునేదానివి, నీకెందుకవ్వా ఈ గోల?"

"అదుగో చూడు." పూలమీద వాలిన ఆడపిట్టను కదురుతో చూపించింది. "గొంతు తెల్లగా, శుభ్రంగా ఉంది. అటువైపు ఆడదానికి గొంతునిండా మచ్చలే. తెల్లారినప్పట్నుంచి ఇక్కడ ఏడింటిని చూశాను. ఒక్కదానికీ లేవు."

మోకాళ్లు పట్టుకుని లేచి లోయదారి పట్టింది.

"చాదస్తం" అనుకున్నాడు లౌతారో.

గంట తర్వాత కొండెక్కి వచ్చిన డాక్టరమ్మ సరిగ్గా అదే అడిగింది.

"ఆడపిట్టల్లో తేడా ఏముంది?"

లౌతారో తడుముకోకుండా మచ్చల సంగతి చెప్పాడు. ఆమె బైనాక్యులర్స్‌తో మూడు పిట్టల్ని చూసింది. తెచ్చిన అవతలి కొండ పిట్టల ఫొటోలతో పోల్చుకుంది.

"వేరే పిట్టే. మీ కొండకింక భయం లేదు. ఇది నువ్వే కనిపెట్టావా?"

"మరి! ఇక్కడ నాకన్నా చూసేవాళ్లెవరమ్మా?"

"చిత్రంగా ఉందే. లోయదారిలో మచ్చలటోపీ పెట్టుకున్న ముసలావిడ ఎదురై ఇదే మాట చెప్పింది."

లౌతారో ముఖం మాడిపోయింది. రూమిలోమలో ఏ ఆడదీ మచ్చలటోపీ పెట్టదు. అది అవతలి కొండవాళ్ల టోపీ. పిట్ట గొంతు చూసి కొండ పేరు చెప్పేవాడు, మనిషి టోపీని చూడనే లేదు.

"అబద్ధమాడానమ్మా. నాకూ ఆవిడే చెప్పింది."

కొండ అంచుకు పరుగెత్తాడు. ఎంతో దిగువన ఆ తెల్లటోపీ చుక్కలా దిగిపోతోంది. పిలిచినా వినపడదు. తన టోపీ తీసి నిలబడ్డాడు. ఆవిడ పరాయి కొండ మనిషే అయినా అతని గుండె గర్వంతో నిండిపోయింది.

వెనకే వచ్చిన డాక్టరమ్మ, దారిలో ఆవిడ దిద్ది ఇచ్చిన కాగితం చేతికిచ్చింది.

"రెండు పిట్టలూ ఒకటే" అన్న అర్జీ అది. దానిమీద అడ్డంగా గీత, పక్కన కొత్తగా రాసిన అక్షరాలు: "చూడకుండా రాశాను. ఈరోజు చూశాను. తార్హేలియా, ఊరిపెద్ద."