నలభై ఒకటో పొడి

"చెట్టు పేరొక్కటి చెప్పు తాతా. పోత."

పసరు మందుల బొజ్జయ్య పాకలో కూర్చుని రోట్లో వేరు దంచుతున్నాడు. ఘాటు తగలకుండా కాబోలు, ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు. కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

కిషన్‌లాల్ ఖమ్మంలో ఒక కాలేజీ ల్యాబులో టెక్నీషియన్. మూలికల సారం తీసి, గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద పోసి చూడటం అతని పని. నలభై పొడులకు ఆ కణాలకు చీమ కుట్టినట్టయినా లేదు. మణుగూరు సంతలో బొజ్జయ్య భార్య ఆదెమ్మ అమ్మిన నలభై ఒకటో పొడికి మాత్రం క్షణక్షణం పెరిగే కణకణమూ రెండ్రోజుల్లో గుటుక్కుమంది. పొడీ అయిపోయింది. ఇంట్లో భార్య ప్రమీలకు అదే జబ్బు. రెండు నెలలన్నారు డాక్టర్లు.

ఆదెమ్మ ఇప్పపువ్వు ఏరడానికి పోయింది. ఆటోవాడు ముందే చెవిన వేశాడు: "పేరు జెప్తే మందు పనిచెయ్యదని వీళ్ల పట్టింపు సార్. చంపినా జెప్పరు."

"నా పెండ్లాం చచ్చిపోతది తాతా!" కిషన్‌లాల్ కాళ్ల మీద పడ్డాడు.

బొజ్జయ్య కళ్లు తడిశాయి. లేచాడు. చెయ్యి చాచి వాకిలి బయటికి చూపించాడు. ఎదురుగా గుట్ట తప్ప ఏమీ లేదు.

"బయటికి పొమ్మంటవా?"

కిషన్‌లాల్ ఆ చెయ్యి మెలిపెట్టాడు. వేలు ఫట్‌మంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. ఇతను వరస మార్చాడు. కాళ్లయ్యాక జుట్టు పట్టాడు. పొడి కోసం వచ్చినవాడు పొడిచినంత పని చేశాడు. చెంపలు వాయించాడు. రోకలితో వీపు మీద బాదాడు.

"పేరు! పేరు జెప్పు ముసలోడా!"

"ఊఁ... ఊఁ..." అన్నాడు బొజ్జయ్య. అంతే.

ముసలాయన విదిలించుకుని వెళ్లి, చూరులోని గొడ్డలి అందుకున్నాడు.

"నన్నే నరుకుతవా?"

గొడ్డలి చేతులు మారింది. ఒక్కటే వేటు, మెడ మీద. వేరు దంచిన రోట్లోకి నెత్తురు కారింది.

గుమ్మంలో ఇప్పపువ్వు గంప దబ్బున పడింది. ఆదెమ్మ ఉరికి వచ్చి, మొగుడి తల ఒళ్లో పెట్టుకుని తువ్వాల విప్పింది.

"రెండేండ్ల కింద క్యాన్సర్ దవాఖానల నాలుక కోసేసినకాడ నుంచి, ఎవలొచ్చి మందు అడిగినా గుట్ట దిక్కు చెయ్యి జూపి, గొడ్డలి పట్టుకొని చెట్టుదాంక ముందు నడిచెటోడు గద కొడుకా!"